వద్దన్న యుద్ధానికి మరో 20 వేల మంది

2007 జనవరి 26న అమెరికా సెనేట్ జనరల్ డేవిడ్ పెట్రేయస్‌ను ఇరాక్‌లోని తమ సేనలన్నిటికీ అధిపతిగా ఆమోదించింది. ఓట్లు 81–0. ఒక్కరు కూడా కాదనలేదు. సరిగ్గా మూడు వారాలకు, ఫిబ్రవరి 16న, ప్రతినిధుల సభ కూర్చుని ఆ జనరల్ వెంట వెళ్లాల్సిన అదనపు సైన్యాన్ని పంపడం మాకు సమ్మతం కాదని 246–182 ఓట్లతో తీర్మానించింది. అధ్యక్షుడి సొంత పార్టీవాళ్లే 17 మంది ఆ తీర్మానం వైపు ఓటేశారు. మనిషిని పంపారు, అతని చేతికి ఇవ్వాల్సినదాన్ని మాత్రం వద్దన్నారు. అయినా సైన్యం వెళ్లింది. జూన్ నాటికి నెలకొకటి చొప్పున ఐదు బ్రిగేడ్లూ (ఒక్కోటి కొన్ని వేల మంది సైనికుల దళం) ఇరాక్ చేరిపోయాయి.

అప్పటి సర్వేల ప్రకారం అమెరికాలో పదిమందిలో ఆరుగురు అదనపు సైన్యం వద్దన్నారు. అంతకు రెండు నెలల ముందే, ఇరాక్ మీద కోపంతో, జనం రెండు సభలనూ ప్రతిపక్ష డెమొక్రాట్ల చేతిలో పెట్టారు. యుద్ధం నడుపుతున్న జనరల్సే ఎక్కువమంది అక్కర్లేదని చెప్పారు. ఇంతమంది ఒకవైపు, అధ్యక్షుడు జార్జ్ బుష్ ఒకవైపు. నెగ్గింది ఆయన మాటే. ప్రజాస్వామ్యంలో ఇదెలా కుదిరింది? నా మటుకు నాకు దీనికి జవాబు చాలావరకు ఖజానా తాళం దగ్గర దొరుకుతుంది. అక్కడికి వెళ్లేముందు ఆ 20 వేల లెక్క ఎక్కడిదో చూడాలి.

చేయి దాటిన ఏడాది

2003 మార్చిలో మొదలైన ఇరాక్ యుద్ధం మూడేళ్లకు రెండు యుద్ధాలైంది. మొదటిది అమెరికన్ల మీద తిరుగుబాటు. రెండోది షియా, సున్నీ వర్గాల మధ్య ఊచకోత. 2006 ఫిబ్రవరి 22న సమర్రా పట్టణంలో షియాల పవిత్ర స్థలమైన అల్ అస్కరీ మందిరం బంగారు గుమ్మటాన్ని పేల్చేశారు. అప్పటిదాకా లోలోపల రాజుకుంటున్నది ఒక్కసారిగా భగ్గుమంది. బాగ్దాద్‌లో తెల్లారితే వీధుల్లో శవాలు దొరికేవి. పేరును బట్టి వర్గం తెలిసిపోతుంది కాబట్టి జనం దొంగ గుర్తింపు కార్డులు చేయించుకున్నారు. ఒమర్ అని పేరున్నవాడు షియా పేట మీదుగా పోవాలంటే జేబులో ఇంకో పేరుతో కార్డు ఉండాల్సిందే.

ఆ వేసవిలో బాగ్దాద్‌ను అదుపు చేయడానికి రెండు విడతలుగా ఆపరేషన్లు జరిపారు. ఒక పేటను జల్లెడ పట్టి సైన్యం పక్క పేటకు కదలగానే మొదటి పేటలోకి ముఠాలు మళ్లీ వచ్చి కూర్చునేవి. డిసెంబరు ఆఖరుకు చనిపోయిన అమెరికన్ సైనికుల సంఖ్య 3,000కు చేరింది. ఇరాకీల సంఖ్య దానికి ఎన్నో రెట్లు.

నవంబరు 7న మధ్యంతర ఎన్నికల్లో రిపబ్లికన్లు ఓడారు. మర్నాడే రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్‌ను సాగనంపి రాబర్ట్ గేట్స్‌ను పిలిచారు. డిసెంబరు 6న జేమ్స్ బేకర్, లీ హామిల్టన్‌ల నాయకత్వంలో రెండు పార్టీల పెద్దలూ కలిసి 79 సిఫార్సుల నివేదిక ఇచ్చారు. పరిస్థితి తీవ్రంగా ఉంది, ఇంకా దిగజారుతోంది అన్నదే దాని మొదటి మాట. 2008 తొలి మూడు నెలల నాటికి పోరాట దళాలను చాలావరకు వెనక్కి తెచ్చే దిశగా పోవచ్చని, ఇరాన్‌తో, సిరియాతో మాట్లాడాలని సూచించారు. తమాషా ఏమిటంటే, అవసరమైతే బాగ్దాద్ కోసం కొద్దికాలం సైన్యాన్ని పెంచినా మద్దతిస్తామని అదే నివేదికలో ఒక వాక్యం ఉంది. తర్వాత రోజుల్లో రెండు పక్షాలూ ఆ నివేదికనే పట్టుకుని వాదించుకున్నాయి.

ఇక బుష్ దారి మారుస్తారని అందరూ అనుకున్నారు. మార్చారు కూడా, జనం అనుకున్న వైపు మాత్రం కాదు. 2007 జనవరి 10 రాత్రి వైట్‌హౌస్ లైబ్రరీలో నిలబడి టీవీలో మాట్లాడారు. పొరపాట్లు ఎక్కడ జరిగినా బాధ్యత నాదే అని, 20 వేలకు పైగా సైన్యాన్ని అదనంగా పంపుతున్నానని చెప్పారు. ఐదు బ్రిగేడ్లు బాగ్దాద్‌కు, 4,000 మంది మెరీన్లు పడమటి అన్బర్ రాష్ట్రానికి.

పేరు పెట్టడం దగ్గరే మొదలైన గొడవ

దీనికి ప్రభుత్వం వాడిన మాట ‘సర్జ్’. అంటే ఉప్పెన. ఉప్పెన అనగానే మనకు 1977 నాటి దివిసీమ కళ్లముందు నిలుస్తుంది. వాళ్లకు ఆ మాటలో నచ్చింది వేరే, వచ్చిన నీళ్లు వెనక్కి పోతాయి కదా అని. డెమొక్రాట్లు దాన్ని ‘ఎస్కలేషన్’ అన్నారు. అది వియత్నాం రోజుల మాట, మెట్టు మెట్టుగా ఊబిలోకి దిగడం. ప్రసంగం మర్నాడు సెనేట్ కమిటీ ముందుకొచ్చిన విదేశాంగ మంత్రి కాండలీజా రైస్‌ను రిపబ్లికన్ సెనేటర్ చక్ హేగెల్ నిలదీశారు. హేగెల్ స్వయంగా వియత్నాంలో గాయపడి వచ్చిన సైనికుడు. ఇది ఎస్కలేషన్ కాక మరేమిటని ఆయన అడిగితే, నేనైతే ‘ఆగ్మెంటేషన్’ అంటాను అన్నారామె. అంటే కాస్త జోడించడం. పప్పులో నీళ్లు పోసినట్టు! ఇది గనక అమలైతే వియత్నాం తర్వాత ఈ దేశం చేసిన అతి ప్రమాదకరమైన విదేశాంగ తప్పిదం ఇదే అవుతుందని హేగెల్ అక్కడే అన్నారు.

బ్రిగేడ్ల లెక్క

ఇంకా సైన్యం కావాలా అన్న ప్రశ్న వినడానికి లెక్కల ప్రశ్నలా ఉంటుంది. లోపల ఉన్నది రోగం ఏమిటన్న తగాదా.

ఇరాక్‌లో అప్పటి కమాండర్ జార్జ్ కేసీ, ఆయన పైఅధికారి జాన్ అబిజైద్‌ల దృష్టిలో అమెరికన్లు అక్కడ ఉండటమే సగం రోగం. విదేశీ సైన్యం ఎంత కనిపిస్తే తిరుగుబాటుకు అంత ఊపిరి. పైగా అమెరికన్లు ఉన్నంతకాలం ఇరాకీ సైన్యం తన కాళ్ల మీద నిలబడదు. రమ్స్‌ఫెల్డ్ దీన్ని పిల్లాడికి సైకిల్ నేర్పడంతో పోల్చేవారు, సీటు పట్టుకున్న చెయ్యి తియ్యకపోతే వాడు ఎప్పటికీ నేర్చుకోడని. 2006 నవంబరులో అబిజైద్ సెనేట్ ముందు ఇంకా సూటిగా చెప్పారు. ప్రతి డివిజన్ కమాండర్‌నూ అడిగాను, ఇంకా అమెరికన్ సైన్యం తెస్తే గెలుపు అవకాశం పెరుగుతుందా అని. అందరూ లేదనే అన్నారు అని.

ఇంకో పక్షానిది పూర్తిగా వేరే నిర్ధారణ. మాజీ జనరల్ జాక్ కీన్, పరిశోధకుడు ఫ్రెడరిక్ కేగన్, తర్వాత పెట్రేయస్ చెప్పిందేమిటంటే, ఇంటి గడప దాటితే ప్రాణం ఉంటుందో ఉండదో తెలియని మనిషి రాజీల గురించి, రాజ్యాంగం గురించి ఆలోచించడు, తన వర్గం ముఠా వెనకే దాక్కుంటాడు. కాబట్టి ముందు జనానికి రక్షణ ఇవ్వాలి, రాజకీయం ఆ తర్వాత. దానికోసం సైనికులు విమానాశ్రయం పక్కన ఉన్న పెద్ద పెద్ద స్థావరాల్లో ఉండి, పగలు వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతే కుదరదు. పేటలోనే ఒక పాత భవనం తీసుకుని, ఇరాకీ పోలీసులతో కలిసి రాత్రింబవళ్లు అక్కడే ఉండాలి.

2006 డిసెంబరులో పెట్రేయస్ చేతుల మీదుగా వచ్చిన కొత్త సైనిక మాన్యువల్లో ఒక కొలత ఉంది. తిరుగుబాటును అణచాలంటే ప్రతి 1,000 మంది జనానికి 20 మంది భద్రతా సిబ్బంది ఉండాలి. బాగ్దాద్ జనాభా 60 లక్షలు అనుకున్నా 1,20,000 మంది కావాలి. ఇరాకీ సైన్యాన్నీ పోలీసులనూ లెక్కలో కలిపితే గానీ అంత తేలదు. ఐదు బ్రిగేడ్లే ఎందుకు అంటే, నిజం చెప్పాలంటే, అప్పుడు పంపగలిగినవి ఐదే. గిన్నెలో ఉన్నదాన్ని బట్టి వడ్డన.

20 వేలు అన్నది కూడా అసలు సంఖ్య కాదు. బ్రిగేడ్ అంటే పోరాడేవాళ్లు. వాళ్లకు వండిపెట్టేవాళ్లు, లారీలు నడిపేవాళ్లు, వైద్యులు, మెకానిక్కులు, సమాచార వ్యవస్థ చూసేవాళ్లు వేరే. ఫిబ్రవరి మొదట్లో కాంగ్రెస్ (సెనేట్, ప్రతినిధుల సభ కలిసిన అమెరికా పార్లమెంటు) బడ్జెట్ కార్యాలయం లెక్క కట్టి మొత్తం 35,000 నుంచి 48,000 దాకా అవుతుందని చెప్పింది. రక్షణ శాఖ, అంటే పెంటగాన్, ఆ అంచనాను ఒప్పుకోలేదు. జనవరిలో 1,32,000 దగ్గరున్న సైన్యం ఆ శరదృతువుకు దాదాపు 1,70,000 అయింది. మీరే తీసివేసి చూసుకోండి.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఒక బ్రిగేడ్ యుద్ధంలో ఉందంటే, ఇంకోటి అప్పుడే వచ్చి సేద తీరుతుండాలి, మరోటి శిక్షణలో ఉండాలి. ఏడాది అక్కడ ఉంటే రెండేళ్లు ఇంటి దగ్గర ఉండాలన్నది సైన్యం ఆదర్శం. 2007 నాటికే అది ఏడాదికి ఏడాది అయిపోయింది. ఏప్రిల్ 11న గేట్స్ సైనికుల విధి కాలాన్ని 12 నెలల నుంచి 15 నెలలకు పెంచారు. క్యాలెండర్ మీద రోజులు కొట్టేసుకుంటూ కూర్చున్న కుటుంబాలకు మరో 90 రోజులు. సైన్యం విరిగిపోతుందని పెంటగాన్ పెద్దలు భయపడింది దీని గురించే. 2006 డిసెంబరు 13న బుష్ స్వయంగా పెంటగాన్‌కు వెళ్లి వాళ్ల అభ్యంతరాలు విన్నారు. బదులుగా సైన్యాన్నీ మెరీన్లనూ కలిపి 92,000 మేర శాశ్వతంగా పెంచుతామని తర్వాతి నెలలోనే ప్రకటన వచ్చింది. బేరం కుదిరిందన్నమాట. అబిజైద్ రిటైరయ్యారు, కేసీ సైన్యాధిపతిగా వాషింగ్టన్‌కు మారారు. జనరల్సు మాట వింటానని బుష్ ఎప్పుడూ అనేవారు. విన్నారు, జనరల్సును మార్చుకుని విన్నారు.

ఖజానా తాళం

అమెరికా రాజ్యాంగం యుద్ధాన్ని రెండు ముక్కలు చేసి ఇద్దరి చేతిలో పెట్టింది. సర్వసేనాధిపతి అధ్యక్షుడు. యుద్ధం ప్రకటించే అధికారం, సైన్యాన్ని పోషించే డబ్బు కాంగ్రెస్‌ది. సైన్యానికి ఒకేసారి రెండేళ్లకు మించి డబ్బు కేటాయించకూడదని కూడా రాసుకున్నారు, రాజుల చేతిలో దెబ్బతిన్నవాళ్లు కాబట్టి. అయితే ఇరాక్ యుద్ధానికి 2002 అక్టోబరులోనే కాంగ్రెస్ అనుమతి ఇచ్చేసింది. ఎంతమందిని, ఎన్నాళ్లు అన్న హద్దులు అందులో లేవు. ఇక మిగిలిన ఆయుధం డబ్బు ఒక్కటే.

ముందు మాటతో ప్రయత్నించారు. ఫిబ్రవరిలో ప్రతినిధుల సభ నాలుగు రోజులు, తలా ఐదు నిమిషాలు మాట్లాడుతూ, చర్చించిన తీర్మానం మొత్తం రెండు వాక్యాలు. ఇరాక్‌లో పనిచేస్తున్న, చేసిన సైనికులకు మద్దతు కొనసాగుతుంది అన్నది మొదటి వాక్యం. అదనపు సైన్యాన్ని పంపాలన్న అధ్యక్షుడి నిర్ణయం మాకు సమ్మతం కాదు అన్నది రెండోది. ఇది చట్టం కాదు. అధ్యక్షుడి సంతకం అక్కర్లేదు, ఆయన పాటించనూ అక్కర్లేదు. సెనేట్‌లో అది కూడా కాలేదు. అక్కడ చర్చ ముగించి ఓటింగ్‌కు వెళ్లాలంటే 100లో 60 ఓట్లు కావాలి. ఫిబ్రవరి 17న, శనివారం పూట ప్రత్యేకంగా సభ పెట్టినా, వచ్చినవి 56. మెజారిటీ ఉండి కూడా నోరు పెగల్లేదు.

మొదటి వాక్యాన్ని మళ్లీ చూడండి. ఆ చర్చ మొత్తాన్ని కట్టిపడేసింది అదే. ఆ రోజుల్లో అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఏ పార్కింగ్‌లో చూసినా కార్ల వెనక పసుపు రిబ్బన్ స్టిక్కర్లు, మన సైనికులకు అండగా నిలవండి అని. యుద్ధాన్ని అసహ్యించుకునేవాళ్లు కూడా అంటించుకునేవారు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లను అవమానించామన్న అపరాధ భావన ఆ దేశాన్ని వదల్లేదు. కాబట్టి డబ్బు ఆపుదాం అని ఎవరన్నా అనగానే ఎదుటివాళ్లు వేసే ప్రశ్న ఒకటే సిద్ధంగా ఉండేది, ఎడారిలో ఉన్న కుర్రాడి చేతిలో తూటాలు లాక్కుంటారా అని. డబ్బు ఆపినంత మాత్రాన సైనికుడు నడివీధిలో నిలబడిపోడు, వెనక్కి తెచ్చే ఖర్చు పెట్టి ఆపొచ్చు. ఆ సంగతి సభలో అందరికీ తెలుసు. కానీ 30 సెకన్ల ఎన్నికల ప్రకటనలో దాన్ని వివరించడం ఎవరి తరం?

పెన్సిల్వేనియాకు చెందిన జాన్ మర్తా దొడ్డిదారి ఒకటి వెతికారు. ఈయన మాజీ మెరీన్, సైన్యం పక్షం మనిషి. తగినంత విశ్రాంతి, శిక్షణ, సామగ్రి లేని దళాన్ని పంపకూడదని షరతు పెడదాం, సైనికుల మేలు కోరినట్టూ ఉంటుంది, సర్జ్ దానంతటదే ఆగుతుంది అన్నారు. ఎదుటి పక్షం వెంటనే పసిగట్టి, నెత్తురు మెల్లగా పీల్చే పథకం అని ప్రచారం చేసింది. సొంత పార్టీవాళ్లే భయపడి షరతులను నీరుగార్చారు. అదే ఆలోచనను సెనేట్‌లో జిమ్ వెబ్ రెండుసార్లు తెచ్చారు. రెండుసార్లూ 56 ఓట్లే.

చివరికి ఏప్రిల్‌లో దాదాపు 124 బిలియన్ డాలర్ల యుద్ధ ఖర్చుల బిల్లుకు సైన్యం వెనక్కి రావాల్సిన గడువు జతచేసి పంపారు. 2007 అక్టోబరు 1 లోపు మొదలుపెట్టి, తర్వాతి ఏడాది వసంతానికి పూర్తిచేయడం లక్ష్యం. మే 1న బుష్ దాన్ని వీటో చేశారు. సంతకం పెట్టిన పెన్ను ఇరాక్‌లో చనిపోయిన ఒక మెరీన్ తండ్రి ఇచ్చింది. నాలుగేళ్ల కిందట సరిగ్గా అదే తేదీన, విమానవాహక నౌక మీద ‘మిషన్ అకంప్లిష్డ్’ (పని పూర్తయింది) అన్న బ్యానర్ కింద నిలబడి ఆయన ప్రసంగించారు. ఆ వార్షికోత్సవం నాడే బిల్లు చేతికి వచ్చేలా డెమొక్రాట్లు చూసుకున్నారు, కొడుకు పోయిన తండ్రి పెన్ను ఆయన చూసుకున్నారు. వీటోను దాటాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. మర్నాడు సభలో 222–203. ఎక్కడా సరిపోలేదు.

మే నెలాఖరుకు గడువు లేకుండానే డబ్బు ఇచ్చేశారు. పరువు దక్కించుకోవడానికి ఇరాక్ ప్రభుత్వం సాధించాల్సిన 18 లక్ష్యాల జాబితా పెట్టారు. ఆ ఓటింగ్‌లో అధ్యక్ష పదవికి పోటీలో ఉన్న హిల్లరీ క్లింటన్, బరాక్ ఒబామా వద్దని ఓటేశారు. అదే పోటీలో ఉన్న జో బైడెన్ డబ్బు ఇవ్వక తప్పదని ఓటేశారు. ఈ ముగ్గురూ మళ్లీ వస్తారు.

వియత్నాంలో డబ్బు ఆపారు కదా అంటారు. ఆపారు, 1973లో. అప్పటికి అమెరికా పోరాట దళాలన్నీ ఇంటికి చేరాయి, యుద్ధఖైదీలూ తిరిగొచ్చారు. లాక్కోవడానికి ఎవరి చేతిలోనూ తూటా లేని రోజు వచ్చాకే కాంగ్రెస్ తాళం వేసింది.

1968లో ఆగింది ఎలా?

అదనపు సైన్యం అడిగితే కాదన్న సందర్భం ఒకటుంది. 1968 జనవరి ఆఖర్న టెట్ అనే కొత్త సంవత్సరపు పండుగ వేళ వియత్నాం అంతటా దాడులు జరిగాక, అక్కడి కమాండర్ విలియం వెస్ట్‌మోర్‌ల్యాండ్, సంయుక్త దళాల అధిపతి ఎర్ల్ వీలర్ కలిసి మరో 2,06,000 మందిని కోరారు. అప్పటికే అక్కడ ఐదు లక్షల మంది ఉన్నారు. మార్చి 1న కొత్త రక్షణ మంత్రిగా వచ్చిన క్లార్క్ క్లిఫర్డ్ యుద్ధాన్ని సమర్థించే మనిషే. అధ్యక్షుడు జాన్సన్ ఆయన్ను అడిగింది కూడా ఈ సైన్యం ఎలా సమకూర్చాలో చూడమని. క్లిఫర్డ్ జనరల్సును కూర్చోబెట్టి మామూలు లాయరు ప్రశ్నలు వేశారు. ఈ రెండు లక్షలు చాలా? చాలకపోతే ఇంకెంత? ఎన్నాళ్లు పడుతుంది? అవతలివాడు కూడా అంత పెంచితే? ఏ ప్రశ్నకూ గట్టి జవాబు రాలేదు. కొద్దిరోజుల్లోనే ఆయన మనసు మారింది. మార్చి 10న ఆ సంఖ్య పత్రికకెక్కింది, దేశం గగ్గోలెత్తింది. 31న జాన్సన్ కొద్దిపాటి సైన్యం మాత్రమే పంపుతానని, ఉత్తర వియత్నాం మీద చాలావరకు బాంబులు ఆపుతున్నానని, మళ్లీ పోటీ చేయనని ప్రకటించారు.

ఆపింది కాంగ్రెస్ కాదు, అధ్యక్షుడి పక్కనే కూర్చున్న మంత్రి. ఇంకో కారణం కూడా ఉంది. 1968లో రెండు లక్షల మంది అంటే రిజర్వు దళాలను పిలవాలి, పన్నులు పెంచాలి, నిర్బంధ సైనిక సేవలోకి ఇంకెందరినో లాగాలి. ప్రతి వీధిలో ఏదో ఒక ఇంటికి సెగ తగిలేది. 1973లో నిర్బంధ సేవ రద్దయింది. 2007లో అమెరికా జనాభాలో నూటికి ఒక్కరు కూడా యూనిఫాంలో లేరు. బాధంతా వాళ్లకే, వాళ్ల ఇళ్లకే. మిగతా దేశం సర్వేలో వద్దని చెప్పి తన పని తాను చూసుకుంది. సర్జ్‌ను నడిపించింది వీటో ఎంతో, ఈ ఏర్పాటూ అంతే అని నాకనిపిస్తుంది.

పని చేసిందా?

2007 సెప్టెంబరులో పెట్రేయస్ చార్టులు పట్టుకుని కాంగ్రెస్ ముందుకొచ్చారు. హింస తగ్గుతోందని చూపించారు. కాంగ్రెస్ సొంత తనిఖీ సంస్థ మాత్రం 18 లక్ష్యాల్లో పూర్తయినవి 3, కొంతమేర అయినవి 4, కానివి 11 అని తేల్చింది. ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకరు ఇరాక్ వీధి గురించి, ఇంకొకరు ఇరాక్ పార్లమెంటు గురించి.

అదే విచారణలో వర్జీనియా సెనేటర్ జాన్ వార్నర్ ఒక చిన్న ప్రశ్న వేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన 80 ఏళ్ల రిపబ్లికన్. మీరు చేస్తున్న ఈ పనివల్ల అమెరికా ఇంకాస్త సురక్షితంగా ఉంటుందా? ఇరాక్‌లో మన లక్ష్యాలకు ఇదే మంచి దారి అన్నారు పెట్రేయస్. వార్నర్ వదల్లేదు, మళ్లీ అదే అడిగారు. అయ్యా, నిజానికి నాకు తెలియదు అన్నారు జనరల్. ఆ ఏడాది మొత్తం ఆ చర్చలో అంత నిజాయితీగా వచ్చిన జవాబు ఇంకోటి లేదేమో.

2007లో దాదాపు 900 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు, యుద్ధం మొత్తంలో అదే అతి భారీ ఏడాది. 2008కి మాత్రం హింస బాగా తగ్గింది. దీన్నెవరూ కాదనలేరు. ఎందుకు తగ్గిందన్న దగ్గరే వాదం. అన్బర్‌లో సున్నీ తెగల పెద్దలు అల్ ఖైదా మీద తిరగబడటం సర్జ్‌కు నాలుగు నెలల ముందే, 2006 సెప్టెంబరులో, రమాదీలో మొదలైంది. తర్వాత అలాంటివాళ్లను లక్ష మంది దాకా నెలకు సుమారు 300 డాలర్లిచ్చి కాపలాకు పెట్టుకున్నారు. నిన్నటిదాకా కాల్చినవాడికే ఇవాళ జీతం. షియా నేత ముక్తదా అల్ సదర్ 2007 ఆగస్టులో తన సాయుధులను ఆగమన్నారు. ఇక బాగ్దాద్‌లో కలిసున్న పేటలు చాలావరకు అప్పటికే విడిపోయాయి, చంపడానికి పక్కింట్లో పరాయి వర్గం మిగల్లేదు. మిగిలిన చోట్ల గోడలు వచ్చాయి. ఏప్రిల్‌లో అధామియా పేట చుట్టూ రాత్రిపూట క్రేన్లతో 12 అడుగుల కాంక్రీటు పలకలు దించుతుంటే అక్కడి సున్నీలు, మమ్మల్ని జైల్లో పెడుతున్నారని ఊరేగింపు తీశారు. ప్రధాని మాలికీ కూడా ఆపమన్నారు. గోడ మాత్రం లేచింది.

వీటిలో దేనికి ఎన్ని మార్కులు వేయాలో ఈనాటికీ పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. అదనపు సైన్యం లేకపోతే తెగల తిరుగుబాటు బాగ్దాద్ దాకా పాకేది కాదన్నది ఒక వాదన, అది నాకు సబబుగానే తోస్తుంది. కానీ సర్జ్ ఎందుకోసమో బుష్ స్వయంగా చెప్పారు, రాజకీయ రాజీకి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వడానికని. ఆ వ్యవధి వచ్చింది, రాజీ రాలేదు. 2011 డిసెంబరులో ఆఖరి దళం వెనక్కి వచ్చింది. 2014 జూన్‌లో మోసుల్ ఐసిస్ చేతికి పోయింది.

ఆ ముగ్గురి సంగతి. 2009 డిసెంబరు 1న వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో అధ్యక్షుడు ఒబామా అఫ్గానిస్థాన్‌కు మరో 30,000 మందిని పంపుతున్నట్టు ప్రకటించారు. అక్కడి కమాండర్ జనరల్ మెక్‌క్రిస్టల్ అడిగింది 40,000. విదేశాంగ మంత్రిగా క్లింటన్ పంపమన్నారు. ఉపాధ్యక్షుడు బైడెన్ లోపల గట్టిగా వద్దన్నారు. 2010 మార్చిలో అఫ్గాన్ నుంచి సైన్యాన్ని వెనక్కి తేవాలన్న తీర్మానం ప్రతినిధుల సభకు వస్తే 65–356తో ఓడిపోయింది. బుష్‌ను కాదన్న డెమొక్రాట్లదే అప్పుడు కూడా ఆ సభ. కుర్చీలో ఉన్నది మనవాడైతే రెండో వాక్యం అవసరం పడదు.

మన దగ్గర

ఇరాక్‌కు సైన్యం పంపమని 2003లో అమెరికా మనల్నీ అడిగింది. ఒక డివిజన్, దాదాపు 17,000 మంది. అప్పటికే ఏప్రిల్‌లో లోక్‌సభ ఆ యుద్ధాన్ని ఖండిస్తూ ఏకగ్రీవ తీర్మానం చేసింది. ఎంత ఘాటు మాట వాడాలన్న పేచీ వచ్చి, హిందీలో ‘నిందా’ అన్న మాట దగ్గర రాజీ కుదిరింది. మన తెలుగులో నింద అంటే లేనిది అంటగట్టడం అనే అర్థమూ ఉంది, అదృష్టవశాత్తు తీర్మానం తెలుగులో రాయలేదు. జూలై 14న వాజ్‌పేయి ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన అనుమతి ఉంటే ఆలోచిస్తామని చెప్పి, మర్యాదగా తప్పుకుంది. ఆ నిర్ణయం పార్లమెంటు ఓటుతో జరిగింది కాదు. మన దగ్గర విదేశానికి సైన్యాన్ని పంపడానికైనా, మానడానికైనా కేబినెట్ చాలు.

1987లో అలాగే జరిగింది. జూలై 29న కొలంబోలో ఒప్పందం, మర్నాటి నుంచే శ్రీలంకలో మన దళాలు. ముందు వెళ్లింది సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ పదాతి డివిజన్. తమిళ మిలిటెంట్లు ఆయుధాలు అప్పగించడం చూసి వచ్చేద్దామని వెళ్లినవాళ్లు అక్టోబరుకల్లా ఎల్టీటీఈతో యుద్ధంలో ఇరుక్కున్నారు. ఒక డివిజన్ నాలుగు డివిజన్లయింది. ఆ పెంపుల్లో ఒక్కదాని మీద కూడా మన సభల్లో 246–182 లాంటి లెక్క తేలలేదు. 1,100 మందికి పైగా మన జవాన్లు పోయారు. ఢిల్లీలో ప్రభుత్వం మారాక, 1990 మార్చిలో ఆఖరి ఓడ మద్రాసు రేవుకు చేరింది. స్వాగతం చెప్పడానికి ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు.